ఆరున్నొకటి

వాన పడి ఉంటే మా ఇంట్లోకి ఫుట్‌బాల్ వచ్చేది కాదు.

మాది గుత్తిలో పప్పుధాన్యాల వ్యాపారం. కంది, శనగ, వేరుశనగ. మామూలుగా అయితే దసరా దాటగానే గోదాములో కాలు పెట్టడానికి సందుండదు. ఆ సారి జూన్‌లో ఒక జల్లు పడింది. దాన్ని నమ్మి రైతులు విత్తనం వేశారు. తర్వాత మబ్బు వచ్చినట్టే వచ్చి బళ్లారి వైపు పోవడం మొదలుపెట్టింది. ఆగస్టు ముగిసేసరికి చేలను మేకలకు వదిలేశారు. మా ఆయన ఆదోనిలో పత్తి మిల్లు పని చూసుకుంటూ ఆదివారాలు వచ్చిపోయేవాడు. దుకాణం, గోదాము నా చేతి మీద నడుస్తాయి. ఇక ఆ గోదాములో మిగిలింది ఖాళీ గోతాలు, ఎలుకలు, మా మామ శేషయ్య.

ఖాళీగా కూర్చోవడం నాకు చేతకాదు. పొద్దున షట్టర్ ఎత్తేదాన్ని. ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చేదాన్ని. తక్కెడ తుడిచేదాన్ని. బయటికొచ్చి ఆకాశం చూసి లోపలికి పోయేదాన్ని. లోపలికి పోయినాక దేనికి వచ్చానో గుర్తుండేది కాదు.

అలాంటి ఒక పొద్దున జయచంద్ర వచ్చాడు. మహిళా డిగ్రీ కాలేజీలో ఆటల మాస్టరు. మా అమ్మాయి అనుపమ అక్కడే రెండో సంవత్సరం. ఫుట్‌బాల్ జట్టులో ముందు వరసలో ఆడుతుంది.

"అక్కా, కాలేజీ గ్రౌండు కొత్త బిల్డింగ్ కోసం తవ్వేసినారు. మీ గోదాము ముందర జాగా ఊరికే ఉండాది కదా. పొద్దున పూట మా పిల్లోళ్లు ఆడుకుంటారు."

"అద్దాలు పగిలితే ఎవరిదప్పా పూచీ?"

"గోదాముకు అద్దాలు యాడుండాయక్కా?"

"అద్దాలు కాకపోతే మా మామ మోకాళ్లు పగులుతాయి."

మామ లోపల్నుంచి అందుకున్నాడు. "నా మోకాళ్లు ఎప్పుడో అరిగిపోయినాయి. ఇంగ పగలడానికేముండాది? రానీ పిల్లోళ్లను!"

ఊరికే ఇవ్వడం నా ఒంట్లో లేదు. ఆట అయినాక నీళ్లు చల్లి, ఊడ్చి, గోతాలు దులిపి మడతపెట్టి పోవాలన్నాను. జయచంద్ర ఒప్పుకున్నాడు. మర్నాటి నుంచి మా వాకిట్లో బంతి చప్పుడు మొదలైంది.

ఆ జట్టులో గోల్ దగ్గర నిలబడే పిల్ల చౌడేశ్వరి. పొడగరి. చేతులు మోకాళ్ల దాకా ఉంటాయేమో అనిపించేది. వాళ్ల ఊరి నుంచి మొదటి బస్సు వచ్చేసరికి ఇక్కడ ప్రాక్టీస్ అయిపోయేది. అందుకని వాళ్లమ్మ హనుమక్కను వెంటబెట్టుకుని జయచంద్ర మళ్లీ మా దుకాణం మెట్లెక్కాడు. హనుమక్క మేకలు కాస్తుంది. ఏటా నా దగ్గరే కందులు అమ్ముతుంది. తూకంలో నన్ను నమ్మదు. నేనూ ఆమె ఎండబెట్టి తెచ్చానంటే నమ్మను. అయినా పదేళ్లుగా మా మధ్య వ్యాపారం తెగలేదు.

"సావుకారమ్మా, ఈ ఒక్క సీజను నీ ఇంట్లో పెట్టుకో," అంది. "యూనివర్సిటీ టీములోకి తీసుకున్న్యారంటే హాస్టలు, తిండి, చదువు అన్నీ వాళ్లే చూస్తారంట. ఆనక రైల్వేలో ఆటగాళ్లకు ఉద్యోగాలుంటాయని సారు చెప్తాండాడు. తీసుకోలేదంటే మా చెల్లెలు ఓబులమ్మ కాడికి బెంగుళూరు పంపిస్తా. గార్మెంట్సులో చోటు చూసిపెట్టింది. డిసెంబరు దాకే ఆగుతానన్యాది."

"నువ్వేమంటావు చౌడీ?" అని పిల్లను అడిగాను.

"నాకు కుట్టు మిషను సప్పుడు పడదు ఆంటీ," అంది.

సాయంత్రం దుకాణంలో జల్లెడ పట్టాలని షరతు పెట్టి ఉంచుకున్నాను. రెండు రోజులకే తెలిసింది, నాకు నష్టమేమీ లేదని. గంప జారితే నేల తాకకముందే పట్టేది.

అయితే ఒక చిక్కు. గోల్‌కీపరుకు గుడ్లు పెట్టాలన్నాడు జయచంద్ర. మా ఇంట్లోకి గుడ్డు రాదు. మా అత్త పోయిన తర్వాత కూడా ఆ కట్టుబాటు అలాగే ఉంది. ఎలా అని నేను తలపట్టుకుంటే మామే దారి చూపించాడు. గోదాము వెనక రేకుల కింద కిరోసిన్ స్టవ్ పెట్టించాడు. గుడ్లకు బంగాళాదుంపల పేరు పెట్టి, పొద్దున్నే వాకిట్లోకి వచ్చి గట్టిగా అడిగేవాడు.

"చౌడీ, తెల్ల ఉర్లగడ్డలు ఉడికినాయా?"

"ఉడికినాయి తాతా. నీకొకటి పెట్టేదా?"

"ఛీ ఛీ, నాకు వాయువు!" అని నవ్వుతూ పోయేవాడు.

మామకు డెబ్బై అయిదు దాటాయి. కాటాలు రాకముందు పడితో కొలిచిన మనిషి. కొలిచేటప్పుడు ఒకటి అనడు, లాభం అంటాడు. ఏడు అనడు. ఏడు అంటే ఏడవమన్నట్టే కదా, కొత్త ధాన్యం ముందు ఆ మాట నోట రాకూడదని పాత కొలగాళ్ల పట్టింపు. ఆరున్నొకటి అంటాడు. అది కొలతకే కాదు, ఆయన నోటికే అలవాటైపోయింది. బస్సు నంబరు, ఫోను నంబరు, మాత్రల లెక్క, అన్నీ అంతే.

ఖాళీ గోదాములో గోతాలు పరుపులా పరిచి చౌడేశ్వరి దూకేది. అనుపమ తన్నేది. మామ మూటకు ఆనుకుని కూర్చుని ఆమె పట్టిన బంతులు లెక్కపెట్టేవాడు.

"లాభం! రెండు! మూడు... అబ్బా, సొట్ట కాలుతో తన్నినావు అనూ, అది లెక్కలోకి రాదు. నాలుగు! ఐదు! ఆరు! ఆరున్నొకటి!"

"తాతా, ఏడు అను ఒకసారి. నా చొక్కా నంబరే ఏడు," అనేది అనుపమ.

"శకునం లేని నంబరు తీసుకున్న్యావు. ఎనిమిది తీసుకోకూడదా?"

"తాత నన్ను ఒక్కసారి కూడా ఏడు అన్లేదే," అని అనుపమ నవ్వేది. దుమ్ములో గోనె పీచు ఎగిరేది. చౌడేశ్వరి మోచేతుల మీద ఎప్పుడూ ఎర్రటి గీతలుండేవి.

నేను మొదట్లో తలుపు దగ్గర నిలబడి చూసేదాన్ని. తర్వాత లోపలికి వచ్చాను. ఇంకొన్నాళ్లకు మ్యాచ్‌లకు బస్సెక్కడం మొదలుపెట్టాను. అనంతపురంలో గెలిచారు. ధర్మవరంలో సమానం. గోరంట్లలో వర్షం పడుతుందని ఆట ఆపారు, అక్కడ పడ్డ చినుకులు మా ఊరి దాకా రాలేదు. ఏ గ్రౌండులోనూ నేను కుర్చీలో కూర్చోలేదు. గీత వెంబడి అటూ ఇటూ నడిచేదాన్ని. మా ఆయన ఆదివారం వచ్చి, "దుకాణం మూసి ఆటలు చూస్తాండావా?" అని అడిగితే, "తెరిచి ఏం చూడాల?" అన్నాను.

ఒకటి మాత్రం గమనించాను. చౌడేశ్వరి బంతిని చూడదు. తన్నే పిల్ల తుంటిని చూస్తుంది. కందులు అమ్మడానికి వచ్చినవాడి మాట వినకుండా వాడి చేతుల వైపు చూసే మా వ్యాపారంలాంటిదే అది.

నవంబరు ఆఖరులో కాలేజీల పోటీ ఫైనల్ గుంతకల్లులో పెట్టారు. కదిరి జట్టుతో. యూనివర్సిటీ జట్టు కోచ్ ఈరప్ప, ఇంకో ఆయన వచ్చి టెంటు కింద కూర్చున్నారు. ఆ రోజే ఎంపిక. జట్టుతో ఒక ఆడమనిషి ఉండాలి, లేడీ లెక్చరరుకు సెలవు దొరకలేదు. జయచంద్ర నన్ను రమ్మన్నాడు. మామ ఉడకబెట్టిన శనక్కాయల సంచి భుజాన వేసుకుని, ఎవరూ పిలవకుండానే వ్యాను ముందు సీట్లో కూర్చున్నాడు.

హనుమక్క కూడా వచ్చింది. మేకలను మరిదికి అప్పగించి వచ్చానంది. గ్రౌండు బయట వేపచెట్టు నీడన నిలబడింది కానీ లోపలికి రాలేదు.

మొదటి సగమంతా మావాళ్లదే. బంతి కదిరివాళ్ల గోల్ ముందే తిరిగింది. అనుపమ రెండుసార్లు గురి తప్పింది. అందరూ కేకలు. ఇటువైపు గోల్ దగ్గర చౌడేశ్వరి చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆమె దగ్గరికి బంతి రాలేదు. టెంటు కింద ఈరప్ప ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు. సరుకు ఉంది, కొనేవాడు ఉన్నాడు, వాడి మొహం అటువైపు ఉంది. మనవాళ్లు బాగా ఆడుతున్నారనే నాకు కోపమొచ్చింది.

రెండో సగం మొదలైన కాసేపటికి అనుపమ పడింది. లేవలేదు. జయచంద్ర ఐసు సంచి పట్టుకుని పరిగెత్తాడు. ఇద్దరు పిల్లలు పట్టుకుని ఆమెను అవతలి గీత దాటించారు. అక్కణ్నుంచే జయచంద్ర కేక పెట్టాడు.

"అక్కా, అనుపమను మారుస్తాండామని బల్ల కాడ చెప్పండి! నంబరు చెప్తే చాలు!"

నేను అప్పటికే బిడ్డ వైపు పరిగెత్తుతున్నాను. వెనక్కి తిరక్కుండానే అన్నాను. "మామా, నువ్వు పోయి చెప్పు!"

మామ తలపాగా సరిచేసుకుని బల్ల దగ్గరికి నడిచాడట. అక్కడ నంబర్ల పలక పట్టుకుని ఒక కన్నడాయన కూర్చున్నాడు. ఈమధ్యే హుబ్లీ వైపు నుంచి వచ్చి తెలుగు నేర్చుకుంటున్న మనిషి.

"నంబర్ హేళి... చెప్పు, తాతా."

"ఆరున్నొకటి."

"ఆరు? ఒకటి?"

"ఆ. అదే నాయనా. ఆరున్నొకటి."

నేను అనుపమ చీలమండ పట్టుకుని చూస్తున్నాను. ఈల వినిపించింది. తలెత్తేసరికి పలక మీద ఆరు వెలిగింది. తర్వాత ఒకటి. ఆరో నంబరు కెప్టెన్ మల్లీశ్వరి. ఒకటో నంబరు చౌడేశ్వరి. బెంచీ మీది పిల్లలిద్దరు అవకాశం వచ్చిందన్న సంతోషంలో గీత దగ్గర ఎగురుతున్నారు. మల్లీశ్వరి సారు చెప్పి ఉంటాడనుకుని బయటికొచ్చేసింది. చౌడేశ్వరి మాత్రం గోల్ దగ్గరే నిలబడి వేలితో తన గుండె మీద ఒకటిని చూపించి, నేనా, అని అడిగింది. రిఫరీ అవునని చెయ్యూపాడు. ఆమె నడిచి వచ్చింది. ఆట మళ్లీ మొదలైపోయింది.

జయచంద్ర గొంతు చించుకున్నాడు. రిఫరీ ఆయనకు పసుపు కార్డు చూపించాడు. బయటికి పోయినవాళ్లు మళ్లీ లోపలికి రాకూడదు. అది నియమం. మాకు వేరే గోల్‌కీపరు లేదు, బెంచీ మీద ఇంకెవరూ మిగల్లేదు. మైదానంలో లెక్కకు ఉన్న పదకొండో మనిషి నా పక్కన చీలమండ పట్టుకుని కూర్చున్న అనుపమే.

"నేను నిలబడతా సార్," అంది. "పరిగెత్తడానికి కాలు లేదు గానీ చేతులుండాయి కదా."

గీత దగ్గర చౌడేశ్వరి తన పచ్చ చొక్కా విప్పి అనుపమకు ఇచ్చింది. లోపల పాత టీషర్టు ఉంది. గ్లోవ్స్ విప్పి, తనే అనుపమ చేతులకు తొడిగి, మణికట్టు దగ్గర పట్టీ గట్టిగా లాగింది. ఏడవలేదు. గోల్ వెనక తాడు దగ్గరికి పోయి జనంలో నిలబడింది.

కదిరివాళ్లు వాసన పట్టారు. ఇక వరసగా దాడి. నేను గోల్ పక్కకి పోయి నిలబడ్డాను కాబట్టి నాకు వినిపించింది. వెనక నుంచి సన్నగా, తొందర లేకుండా చౌడేశ్వరి గొంతు.

"ఎడం పక్కకు, అనూ. ఎడం పక్కకే... ఇప్పుడు ముందుకు రా... ఆగు, ఆ పిల్ల తన్నదు, ఇంకోదానికిస్తాది. కుడి పక్క!"

అనుపమ చెప్పింది చెప్పినట్టు పడింది, లేచింది, పడింది. బంతి వచ్చిన ప్రతిసారీ ఆమె చేతులు ముందే అక్కడున్నాయి. టెంటు కింద ఈరప్ప లేచి నిలబడ్డాడు. చివర్లో బెంచీ మీంచి వచ్చిన పిల్ల ఒకతె గుంపులో ఎలాగో బంతిని తోసేసింది. గెలిచాం. కప్పు ఎత్తారు. మామ శనక్కాయలు చల్లాడు. ఏం జరిగిందో ఆయనకింకా తెలియదు.

ఎంపికైనవాళ్ల పేర్లు అక్కడే చదివారు. గోల్‌కీపరు, గుత్తి, అనుపమ.

అనుపమ కుంటుకుంటూ ఈరప్ప దగ్గరికి పోయింది. "సార్, నేను గోల్‌కీపర్ని కాదు. మా గోల్‌కీపరు చౌడేశ్వరి. వెనకాల నిలబడి నాకు చెప్పింది ఆ పిల్లే."

ఈరప్ప మంచి మనిషే. నవ్వాడు. "మేము చూసిందే మాకు తెలుసు పాపా. చూడనిదాన్ని ఎట్ల రాసేది? నువ్వు వద్దంటే కర్నూలు పిల్లకు పోతాది ఆ చోటు."

తిరుగు ప్రయాణంలో వ్యానులో ఎవరూ పాడలేదు. మామకు జయచంద్రే మెల్లిగా విడమర్చి చెప్పాడు. మామ తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఆయప్ప ఆరు, ఒకటి అన్యాడు. సరిగ్గానే పలుకుతాండాడు పాపం అనుకుంటి," అన్నాడు. చౌడేశ్వరి వెనక సీటు నుంచి ముందుకు వంగి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "పోనీలే తాతా. గెలిచినాం కదా," అంది. మామ ఆ చెయ్యి పట్టుకుని గుత్తి వచ్చేదాకా వదల్లేదు.

మర్నాడు పొద్దున ఆ పిల్ల బట్టలు సర్దుకుని మొదటి బస్సుకే ఊరికి పోయింది. గోదాములో గోతాలు మడతపెట్టి ఉన్నాయి.

మామను బల్ల దగ్గరికి పంపింది నేనే కదా, అనుపమ నాతో మాట్లాడడం మానేసింది. మామ తిండి మానేసినంత పని చేశాడు. నేను షట్టర్ ఎత్తుతున్నాను, దించుతున్నాను. తప్పు తూకంలో మనకు ఎక్కువ వచ్చినా సరే, ఆ మూట మన గోదాములో ఉన్నన్నాళ్లు నిద్ర పట్టదు. పోయి ఈరప్పను బతిమాలదామంది అనుపమ, చివరికి నోరు విప్పి.

"బతిమాలితే ధర పడిపోతాది," అన్నాను. "ఆయప్ప ఏమన్యాడు? చూడనిదాన్ని ఎట్ల రాసేది అన్యాడు. అంటే చూపించాల. మచ్చు చేతిలో పొయ్యాలే గానీ నోటితో చెప్తే ఎవరు కొంటారు?"

ఎంపికైనవాళ్ల శిబిరం వారం తర్వాత అనంతపురంలో. ముందురోజు హనుమక్క ఊరికి పోయాను. బెంగుళూరు ప్రయాణం కూడా శిబిరం రోజే పెట్టుకున్నారు.

"బస్సు అనంతపురంలోనే కదా ఎక్కేది? మాతోనే రాండి. మధ్యాన్నం దాకా పిల్లను నాకియ్యి," అన్నాను.

"అడుక్కోడానికైతే మేము రాము సావుకారమ్మా."

"అడుక్కోవడం నాకు మాత్రం వచ్చునా?"

హనుమక్క నన్ను ఎగాదిగా చూసింది. తూకం వేసేటప్పుడు ముల్లును చూస్తుందే, అలా. "సరే, మధ్యాన్నం దాకానే," అంది.

పొద్దున అనుపమ కాలికి నేనే కట్టు కట్టాను. వాపు సగం తగ్గింది కానీ రెండు చుట్లు ఎక్కువే చుట్టాను. "చౌడి గోల్‌కీపరని అనొద్దు. బాగా ఆడుతుందని అనొద్దు. బంతులు ఎత్తిస్తాదని చెప్పు. అంతే," అన్నాను.

"నా చోటు పోతే?" అనలేదు అది. "నాకు గోల్లో నిలబడేది ఇష్టమే లేదు. ముందర ఆడితేనే ఆడినట్టు," అంది. నా బిడ్డ వ్యాపారానికి పనికిరాదని అప్పుడు అర్థమైంది. దానికి నాకు బాధ కలగలేదు.

యూనివర్సిటీ గ్రౌండులో ఈరప్ప కట్టు చూడగానే చిరాకుపడ్డాడు. రెండో గోల్‌కీపరు రైలు ఇంకా రాలేదట. తన్నే పిల్లలంతా వరసలో నిలబడి ఉన్నారు.

"ఈ పొద్దు గోల్లో ఎవరు నిలబడాల? రాయి పెట్టాల్నా?"

"మా ఫ్రెండు వచ్చింది సార్," అంది అనుపమ. "నిలబడి బంతులు ఎత్తిస్తాది."

"ఎవరో ఒకరు నిలబడితే చాలు, పో," అని ఆయన టీ గ్లాసు అందుకున్నాడు.

చౌడేశ్వరి ప్రయాణానికి వేసుకున్న చుడీదారులోనే ఉంది. చున్నీ నడుముకు బిగించింది. చెప్పులు విడిచి గోల్ స్తంభం పక్కన పెట్టింది. మొదటి బంతి మెల్లిగా వచ్చింది, పట్టింది. రెండోది గట్టిగా. పట్టింది. మూడోది మూలకు. గట్టి నేల మీద గోతాలు లేకుండా అడ్డంగా దూకి పట్టింది. లేచి మోచేయి దులుపుకుంది. ఈరప్ప గ్లాసు కింద పెట్టాడు. పొడవాటి పిల్లనొకతెను పిలిచి తన్నమన్నాడు. ఆనక ఇంకా దగ్గరి నుంచి తన్నమన్నాడు. ఆనక ప్యాంటు పైకి లాక్కుని తనే తన్నాడు.

నేను అటు చూడలేదు. కొనేవాడు సరుకు చూసేటప్పుడు అమ్మేవాళ్లు ఎదురుగా నిలబడకూడదు. గోడ పక్కన హనుమక్క దగ్గరికి పోయాను. ఆమె ఒళ్లో బట్టల సంచి పెట్టుకుని కూర్చుంది. బంతి చప్పుడు వింటూ ఇద్దరం గేటు వైపు చూస్తున్నాం.

చాలాసేపటికి ఈరప్ప గొంతు వినిపించింది. "ఏం పాపా, షూ లేవా నీకు? ఉత్త కాళ్లతో ఏంది ఇది? రేపు ఆరింటికల్లా ఈడుండాల!"

"ఏమంటాండాడమ్మా?" అంది హనుమక్క.

"రేపు రమ్మంటాండాడు."

"రేపు రమ్మంటే, ఈ రేత్రికి యాడ పండుకుంటాది?"

అడిగింది కానీ జవాబు కోసం ఆగలేదు. సంచి ముడి విప్పింది. పై నుంచి ఒక చీర, రగ్గు తీసి పక్కన పెట్టుకుంది. అవి తనవి. మిగిలిన బట్టలన్నీ మళ్లీ మడతపెట్టి సంచిలోనే ఉంచింది. అప్పుడే ఆమె ఫోను మోగింది. పేరు చూసి, ఎత్తకుండానే నా చేతిలో పెట్టింది.

"మా ఓబులమ్మ. నువ్వు మాట్లాడు సావుకారమ్మా. నాకు నోరు రాదు."

అవతల బజారు రొద. "అక్కా, బస్సెక్కినారా? ఈడ సూపర్‌వైజరు అడుగుతాండాడు."

ఇంకా ఏదీ ఖాయం కాలేదని నాకు తెలుసు. రేపు రమ్మనడానికి, జట్టులో తీసుకోవడానికి మధ్య చాలా దూరముంది. ఈరప్ప మాట మార్చవచ్చు. కర్నూలు పిల్ల రావచ్చు. అయినా అన్నాను.

"ఓబులమ్మా, నేను గుత్తి సుమిత్రమ్మను. చౌడి రాదు. ఈడనే పనిలో చేరింది."

"పనా? ఏం పని?"

"బంతి పట్టే పని."

ఓబులమ్మ రొదలోంచి పక్కకు వచ్చినట్టుంది. తర్వాత అడిగింది. "ఏమిస్తారంట?"

"ఇప్పుడు పోయి మాట్లాడతా," అని ఫోను హనుమక్కకు ఇచ్చి, చెంగు నడుముకు దోపుకుని ఈరప్ప వైపు నడిచాను.